బాయిల ఎల్లమంద

దేవరకొండ శాఖా గ్రంథాలయంల
ముప్పై కుర్చీలేసిన్రు. పదకొండు మంది వచ్చిన్రు.
పన్నెండోది కరెంటు, వచ్చినట్టే వచ్చి పోయింది.

నా మూడు భాగాలు బల్ల మీద వరుసగ ఉన్నయి.
మొదటిదానికి అట్ట లేదు,
రెండోదానికి పాత క్యాలెండర్ అట్ట,
మూడోదాన్ని ఇంటికి ఇయ్యరట, ఈడనే కూసొని చదవాలె.

"ఏమన్న అడుగుండ్రి" అన్న.
ఎందుకు రాస్తున్న, ఎవరి కోసం రాస్తున్న,
సద్దిలెక్క జవాబులు కట్టుకొనే పోయిన.
ఆ మూట ఎవ్వరు విప్పనియ్యలే.

ఖాజా మియా లేచిండు, దర్జీ,
మెడల టేపు మెడలనే ఉంది.
"మొదటి భాగంల ఎల్లమంద కుడిచేతికి నాలుగే వేళ్లు.
మూడో భాగంల గోడ మీద సున్నం చెయ్యి అద్దిండు,
ఐదు వేళ్లు పడ్డయి.
మొలిచిందా మేడం?"
అందరు నవ్విన్రు. నవ్వుకుంటనే చేతి మీద రాసుకున్న.

సైదమ్మ ఏఎన్ఎం చేసి రిటైరైంది.
"మేకపిల్ల పేరు రెండుసార్లు మారింది, పోనీ, ఊకుంట.
నాగులమ్మను కాన్పుల ఎందుకు సంపినవు?
చందంపేటల నేను లేనా?"
ఆ కాలంల ఫోన్లు లేకుండె సైదమ్మా, అన్న.
"ఫోను లేకుంటే మనిషిని తోలాలె."
కూసొని కూడ గొణుగుతనే ఉంది,
మనిషిని తోలాలె, మనిషిని.

కుర్మయ్య అచ్చంపేట నుంచి డిండి మీదుగ
రెండు బస్సులు మారి వచ్చిండు. బోరుబండి మీద పని.
అంగి జేబుల మూడో భాగం జిరాక్సు, నాలుగు మడతలు.
"ఆ లోతుల ఎర్రమట్టి రాదు మేడం, రాయి వస్తది.
రాయికి మందు పెట్టాలె.
మందు పెడితే మనిషి మీదికి రావాలె.
మీరు రానిస్తలేరు.
మూడేండ్లాయె. ఆకలి కాదా ఆయనకు?"

ఉద్యోగమన్న. మోకాలి నొప్పన్న.
అచ్చేసెటాయన అప్పులన్న.
చెప్పనిది ఒకటుంది:
ఆఖరి పేజీల ఎల్లమంద బాయిలకు దిగినంక
కొన్ని రాత్రులు నేను ఒడ్డు మీదనే కూసున్న,
లోపల గడ్డపార చప్పుడు వినుకుంట.
ఒకనాడు చప్పుడు వినరాలే.
తొంగి చూసెతందుకు భయమైంది.
బీరువ తాళమేసి రిజిష్టర్ల పని చేసుకున్న.

వెనక కుర్చీల నుంచి ఒక పిల్ల,
ఇంటర్ చదువుతదేమో, సంచి ఒడిల పెట్టుకొని:
"మా నాయనమ్మకు చదువు రాదు.
మూడు భాగాలు నేనే చదివి వినిపించిన,
రాత్రికి ఆరు పేజీలు, నిద్ర రాకుంటే ఏడు.
అంత అయినంక ఒక్కటే అడిగింది,
మీద తాడు ఎవలు పట్టుకున్నరు, అని.
పుస్తకమంత మల్ల ఎతికిన.
మీరు రాయలే మేడం."

నిజమే. నేను రాయలే.
గడ్డపార రాసిన, తట్ట రాసిన, బెల్లం చాయ రాసిన,
బాయి గోడల పావురం గుడ్లు రాసిన.
తాడు పైకొస ఎవ్వరి చేతుల పెట్టలే.

"నాయనమ్మ ఏమన్నది?"
"ఎవల్లేకుంటే నేనే పట్టుకుంట తియ్, అన్నది.
నల్లగొండ దవాఖానల మంచం పట్టె ఇడువలే.
పానం పోయినంక నర్సు వచ్చి
ఒక్కొక్క వేలు తీసింది.
గందుకే వచ్చిన.
ఇప్పుడు ఎవలు పట్టుకోవాలె?"

ఎవ్వరు మాట్లాడలే.
ఖాజా మియా మెడల టేపు తీసి
చెయ్యికి చుట్టుకున్నడు, విప్పిండు, మల్ల చుట్టుకున్నడు.
లైబ్రేరియన్ చాయ్ వచ్చిందన్నడు.

కొండమల్లేపల్లి దాటినంక బస్సుల ఫోను.
కుర్మయ్య.
"మేడం, రెండో భాగంల ఎల్లమంద
సంతల కొన్న తాడు పన్నెండు గజాలు.
దిగిననాడు సరిపాయె.
మూడేండ్ల నుంచి తవ్వుతనే ఉండె గద,
ఇప్పుడు అందది.
ఇంకో ఐదు గజాలు రాయుండ్రి.
ముడికే ఒక గజం పోతది."