ఏడింటికి ఓడ

ఏడింటికి ఓడ.
ఇప్పుడింకా పదకొండున్నర.
పెట్టెని స్టేషన్ లాకర్లో పడేసి
చేతులూపుకుంటూ బయటపడ్డాను.

అబెర్డీన్ ఊరంతా ఒకటే రాయి.
బ్యాంకు, చర్చి, కోర్టు, బట్టల కొట్టు, అన్నీ బూడిద రంగే.
"మనసు బాగోలేనప్పుడు ఆ ఊరెళ్ళకు" అని
లీడ్స్‌లో మా వార్డు సిస్టరు ముందే చెప్పింది.
వాన వెలిసి ఎండ పడ్డప్పుడు ఆవిడ చూసి ఉండదు.
గోడల నిండా పొలుసులు!
అప్పుడే వలలోంచి దులిపిన కవళ్ళలా
వీధి వీధంతా తళుక్కుమంది.

మార్కెట్ వీధి చివర
దుకాణాలు అయిపోయిన చోట ఓడ మొదలైంది.
మూడంతస్తుల ఎర్ర ఓడ, వీధికి అడ్డంగా,
ఎవరో ఆపేసి టీ తాగడానికి వెళ్ళినట్టు.
వెనక తెల్లక్షరాలు. కూడబలుక్కున్నాను: బెర్గెన్.
నార్వేది.
ఎంత దూరమని అడిగితే
తాడు చుడుతున్న కుర్రాడు
"ఒక నిద్ర, ఒక పగలు" అన్నాడు.
మైళ్ళలో చెప్పనందుకు నచ్చాడు.
మా నాన్న బీడీల్లో చెప్పేవాడు.
మంచి చేపెప్పుడూ నాలుగో బీడీ దగ్గరుండేది.

బేకరీలో బటరీ అనే రొట్టె కొన్నాను.
ఉప్పగా, జిడ్డుగా, పొరలుగా,
పరోటాకి పడవలో పుట్టిన చెల్లెలు.
వేటకెళ్ళేవాళ్ళ కోసం పుట్టిన రొట్టెట, వారమైనా చెడదట.
నా చేతిలో మాత్రం నిమిషం నిలవలేదు.
సగం నేను తిన్నాను. సగం సీగల్ తినింది.

రేవు మూతి దగ్గర ఫిట్టీ, పాత బెస్తపేట.
ఇళ్ళన్నీ సముద్రానికి వీపు పెట్టి కూచున్నాయి.
అలిగి కాదు, తెలిసి.
ఉప్పాడలో మా ఇల్లు దానికి ఎదురుగా చూసేది.
ముందు అరుగు పోయింది.
మరుసటేడు వంటగది.
ఆ తర్వాత మేమే పోయాం.

"ఫిట్ లైక్?" అంది
బట్టలారేస్తున్న ముసలావిడ.
మూడోసారికి గానీ అర్థం కాలేదు, బాగున్నావా అని.
పేరు ఎల్స్‌పెత్.
దుప్పటి అటు కొస నా చేతికిచ్చి
మధ్యలో చెప్పడం మొదలెట్టింది:
"మా నాన్నమ్మ మా తాతని వీపున మోసుకెళ్ళి
పడవలో దింపేది.
మోకాటిలోతు నీళ్ళు, జనవరి.
వేటకెళ్ళేవాడి కాళ్ళు తడిస్తే
రాత్రంతా వణకాలి కదా."
"మరి ఆవిడ కాళ్ళో?"
ఎల్స్‌పెత్ పళ్ళ మధ్య క్లిప్పు తీసి, నవ్వి,
"అవి పడవ ఎక్కవు కదమ్మా."

మా ఇంట్లోనూ ఎక్కలేదు.
ఆడది కాలుపెడితే వల ఖాళీగా లేస్తుందనేవారు.
పడవ కడుపు కడిగాను, తారు పూశాను,
ముక్కుకి పసుపు రాసి బొట్టు పెట్టాను,
చిల్లెక్కడుందో ముందు నేనే చూపించాను,
బోర్లించిన దాని నీడలో
జ్వరమొచ్చి పడుకున్నాను, పదో తరగతి లెక్కలు చేశాను.
నీళ్ళ మీద మాత్రం దాన్ని
ఒడ్డునుంచే చూశాను.
ఈ దేశానికీ విమానంలోనే వచ్చాను,
చేపలన్నిటి మీదుగా.
నలభై ఏడేళ్ళు నాకు. నర్సుని.
ఈత కూడా వచ్చు.

దుప్పటి మడత పెట్టాక
ఇళ్ళ వెనక్కి వెళ్ళి, బూట్లతోనే,
మోకాళ్ళదాకా దిగాను.
జూన్ నెలే, అయినా ఎముక జివ్వుమంది.
దూరంగా కుక్కని తిప్పుతున్నాయన ఆగి చూశాడు.
చూడనీ.

అయిదున్నరకి రేవు.
"ఒక్కరేనా?" అన్నాడు టికెట్టబ్బాయి.
"ఒక్కదాన్నే."
"లెర్విక్‌కేనా?"
"అక్కడికే."
అతని చూపు నా బూట్ల మీద పడింది, అడగలేదు.

ఓడలో నీలం తివాచీ.
నేను నడిచినంత మేరా తడి అడుగులు,
ఎడమా, కుడీ, ఎడమా.
లోపలెక్కడో ఇంజను గొంతు సవరించుకుంటోంది.
వల సంగతేమవుతుందో మరి!
రాత్రి భోజనాల బోర్డు చూశాను.
హాడాక్ ఉంది.