నడిమి గీత

రాత్రి పదకొండున్నరకి
కర్నూలు మార్కెట్ యార్డులో లారీలు రివర్సు కొడుతుంటే
ఇక్కడ, కాలేజీ నేలమాళిగలో,
టర్బో పంపు ఒకే శ్రుతిలో గాలిని తోడేస్తోంది.

మిగిలిన ఖాళీలో ఒక్కొక్కటిగా వెళుతున్నాయి
మిథైల్ అయొడైడ్ అయాన్లు.
తలా ఒక ఎలక్ట్రాను పోగొట్టుకున్నవి.
ఆ లోటునే పిడిగా పట్టుకుని
మేం లాగుతున్నవి.

లేజరు తగిలింది.
విరిగింది.
ఏ ముక్క ఎటు పోయిందో తెర మీద ఒక చుక్క.
లక్ష చుక్కలకి తెల్లవారింది.

రెండు వలయాలు తేలాయి.
పెద్దది, ఉన్నదంతా పంచుకుని విడిపోయిన వాళ్ళది.
చిన్నది, అయొడిన్ కొంత తన దగ్గరే దాచుకున్నప్పటిది.
పైనా కిందా వెలుగు, పక్కల మసక:
ఒక్క చుట్టు తిరిగే తీరిక కూడా లేకుండా
తెగిందన్నమాట బంధం.

రాత్రి డ్యూటీ దిగి సద్ది తెచ్చిన మా చిన్నమ్మ మద్దమ్మ
చెప్పులు గడప బయటే విడిచి, తెరకేసి చూసి
"ఏందప్పా, ఎర్రగడ్డని అడ్డంగా కోసినట్టుండాదే?" అంది.

నేను నవ్వలేదు.
మా లెక్క పేరే పొరలు ఒలవడం.
పగిలింది బంతిలా. తెర దాన్ని రొట్టె చేసింది.
ముందరి పొట్టూ వెనక పొట్టూ నడిమి మీదే పడ్డాయి.
అందుకని బయటి పొర లెక్కగట్టి తీసేస్తాం,
తర్వాత దాని లోపలిది,
తర్వాత దాని లోపలిది.
ఒలిచిన ప్రతిసారీ కాస్త తప్పు లోపలికి జారుతుంది.

"నడిమిట్ల ఆ గీతేమి?"

"అది అయానుది కాదు చిన్నమ్మా. మాది."

సారు దాన్ని చెరిపి పంపమన్నాడు పేపరుకి.
ఆ సంగతి చెప్పలేదు.

ఆమె సంచిలోంచి ఒక గడ్డ తీసి
మెడ దగ్గర బొటనవేలితో నొక్కింది.
"ఇది లోపల చెడింది" అని పక్కన పెట్టింది.
యార్డులో ఇరవై రెండేళ్ళ గ్రేడింగు.
నమ్మక, కోసి చూశాను.
మూడో పొరలో గోధుమరంగు.

ఫైలుకి పేరు పెట్టాను: రన్ నలభై ఒకటి.
గీత ఉండనిచ్చాను.

"తిను ముందు" అంటూ
ఇంకో గడ్డని, మంచిదాన్ని,
నా నోటుబుక్కు మీద పెట్టి పిడికిటితో ఒక్కటి గుద్దింది.
సద్ది మూత తీయకుండా
ఏ ముక్క ఎటు ఎగిరిందో
చూస్తూ కూర్చున్నాను.