దయచేసి గమనించగలరు

పదకొండేండ్లుగా
హన్మకొండ బస్టాండు గొంతు నాది.
పరకాల, భూపాలపల్లి మీదుగా కాళేశ్వరం,
మూడో నంబరు ప్లాట్‌ఫారం.
నా మొఖం ఎవ్వలెరుగరు.
టమాటలకాడ బేరమాడితే మాత్రం
ఆమె తక్కెడ ఆపి అడుగుతది:
"యాడనో విన్నట్టున్నదమ్మా నీ గొంతు, ఏ ఊరు మీది?"
అన్ని ఊర్లూ నావే అని నవ్వుత.

ఆ ఆదివారం స్టేడియంల
మగపిల్లల ఫైనలు అయిపోంగనే
కామెంటరీ చెప్పే కొమురెల్లి సారు
మైకును బల్లమీద బోర్లబెట్టి పోయిండు.
కేబులాయన కెమెరా కాళ్ళు మడుస్తున్నడు.
ఆడపిల్లల ఆట ఇంకా మొదలే కాలె.
"ఎవరు చూస్తరు మేడం" అన్నడు,
కోపంగ కాదు,
వానొస్తదేమో అన్నట్టు.

నాకేం పని అక్కడ అంటే,
కాజీపేట రైల్వే కోర్టుల
ఒకప్పుడు ఏడో నంబరు బనీను నాది.
మా ఆటకు చప్పట్లు కొట్టింది
డ్యూటీ దిగిపోయే ఇంజను డ్రైవర్లే,
అదీ సైకిలు ఆపకుంట.
నేనేసిన బుట్టలు ఏ కాయితం మీదా లేవు.
మోకాలు ఒక్కటే లెక్క రాసుకున్నది,
చలికాలం రాంగనే అప్పజెప్తది.

మైకు మీది దుమ్ము కొంగుతోని తుడిచిన.
నోరు తెరవంగనే అలవాటే ముందల దుంకింది:
"ప్రయాణికులు దయచేసి గమనించగలరు..."
గ్యాలరీ అంత గొల్లుమన్నది.
అంత అంటే నలభై మంది.
నలభై మంది నవ్వితే సాలు, భయం దిగిపోతది.
"ములుగు నుండి బయల్దేరిన బంతి
ఈసం నాగేశ్వరి చేతుల మీదుగ
నడిమి గీత దాటుతున్నది,
ఇది ఎక్స్‌ప్రెస్, యాడ ఆగదు!"

మాటలు దొరకక తండ్లాడిన.
ఆ కాపలాను 'మ్యాన్ టు మ్యాన్' అనాల్నట.
పదిమందిని లెక్కబెట్టి చూసిన,
మ్యానెక్కడున్నడు?
"ఎవరి మనిషెంట వాళ్ళు" అన్న.

వడ్నాల రుక్మిణి,
కొత్తవాడ జంపఖానాల ఇంటి పిల్ల,
ఎడమకెల్లి కుడికి, కుడికెల్లి ఎడమకు
బంతిని పంపుతుంటే
"నాడె ఆడుతున్నది, చూడుండ్రి" అన్న.
ఆఖరు మెట్టు మీద ఒక ముసలాయన లేచి నిలబడ్డడు.
ఆట తెల్వదు ఆయనకు,
మగ్గం తెలుసు.

ఇరవై సెకండ్లున్నయి.
మండిబజారు ఉమైరా
మూడు పాయింట్ల గీత అవతల ఆగింది.
నేను ఊపిరి బిగబట్టిన.
మైకుల ఊపిరి ఆగింది గూడ వినపడతదని
అప్పటిదాక తెల్వది నాకు.
గేటు బయట మక్కకంకులు కాల్చేటామె
విసనకర్ర ఆపిందట.

వల చప్పుడు.
చిన్నది.
పత్తికాయ పగిలినంత.

తిరిగి చూస్తే
కెమెరా మళ్ళ మూడు కాళ్ళ మీద నిలబడి ఉన్నది.
కేబులాయన నా దిక్కు చూడలె,
బొటనవేలు మాత్రం లేపిండు.

మరుసటేడు వాళ్ళే పిలిచిన్రు.
చెవులకు పెద్ద హెడ్‌ఫోను,
గ్యాలరీల కూసునే జాగ లేదు,
చెల్లెండ్లనెత్తుకొని వచ్చిన అక్కలు,
బిడ్డ పేరు పలికితే నాకు దండం పెట్టిన తండ్రి.
పైసలు మాత్రం
కొమురెల్లి సారుకిచ్చిన దాంట్ల సగం.
అడిగిన.
వచ్చేసారి చూద్దామన్నరు.
వచ్చేసారి అనే బండి ఎన్ని గంటలు లేటో
నాకంటె బాగ ఎవరికి ఎరుక?

మొన్న పొద్దుగాల
నా గది అద్దం మీద టక్ టక్.
జాలి సంచిల బంతి, భుజాన పన్నెండో నంబరు బనీను.
"ఉమైరా షాటు చెప్పింది మీరే కదా మేడం?
కరీంనగర్ల సెలక్షన్లు, బస్సు కదిలింది..."
మైకు నొక్కిన.
"కరీంనగర్ వెళ్ళు బస్సు డ్రైవరు గారూ,
దయచేసి రెండు నిమిషాలు ఆగగలరు.
ఒక ఆటగత్తె ఎక్కవలసి ఉన్నది."
బస్సు ఆగింది.

సాయంత్రం డిపో మేనేజరు మెమో ఇచ్చిండు,
అనుమతి లేని ప్రకటన అని,
తేదీ, టైము, నా పూర్తి పేరు రాసి.
మడిచి పర్సుల పెట్టుకున్న.
ఇన్నేండ్లకు
నా ఆట ఒకటి
కాయితం మీద పడ్డది.