కత్తెర

చండూరు బస్టాండు ఎదురుంగ మా మెడికల్ షాపు.
కౌంటర్‌కు దారంతో కట్టేసిన కత్తెర.

ఇక్కడి నీళ్లు ఎముకల్ని వంచినయి.
మర్రిగూడ బస్సు దిగినోళ్లు
నడుం పట్టుకునే మెట్లెక్కుతరు.
నొప్పి గోలీలు మాకు ఉప్పు, చింతపండు లెక్క.
ఎందుకని ఎవ్వరూ అడగరు.

నేనూ అడగలే, ఒకసారి.
బత్తాయి తోట కౌలుకు పట్టిన లింగస్వామికి
డబ్బాకు డబ్బా ఇచ్చిన.
చిల్లర లేక చాక్లెట్ కూడ ఇచ్చిన.
మూడోనాడు ఆయన ఫ్లెక్సీ
మా షాపు పక్క స్తంభానికే కట్టిండ్రు.

అప్పటిసంది కత్తెర.
"రెండే ఇస్త. రేపు రా."
"బస్సు కిరాయి నువ్విస్తవా ఆండాలూ?"
ముసలోళ్లు తిడతరు. తిట్టనీ,
వాళ్ల మోకాళ్లు ఏం తప్పు చేసినయి?
ఎరికైనోళ్లకు కండక్టర్ చేతికిచ్చి పంపుత,
రోజుకు రెండు, కాయితంల చుట్టి.

మొన్న వానరాత్రి, షట్టర్ సగం దించినంక
ఒక పిలగాడు. ఇంటర్ ఉంటదేమో.
డబ్బా కావాలె అన్నడు, నా మొఖం చూడకుండ.
ఎవరికి?
నాయినమ్మకు.
నాయినమ్మ పేరేంది బిడ్డా?
పేరు కోసం తడుముకున్నడు.

కత్తెర ముట్టలే ఆ రాత్రి.
స్టూలు జరిపిన.
ఫ్లాస్కుల మిగిలిన చాయ్ పోసిన.
వాన తగ్గేదాక కూసొమ్మన్న.

ఏం చెప్పిండో నేను చెప్పను, అది వానిది.
వాళ్లమ్మకు వాని చేతనే ఫోన్ చేపిచ్చిన.
ఆమె వచ్చేసరికి పదిన్నర.
పోయేటప్పుడు గొడుగు అడిగిండు,
రేపు తెచ్చిస్తనన్నడు.

ఇంకా తేలే.
పొద్దుగాల కాలేజీ బస్సు ఆగంగనే
కిటికీలన్నీ చూస్త.
మూడో సీటుల ఉన్నడు.
గొడుగు సంగతి అడగను.