తాళాలు

ఎరీ సరస్సు మీంచి మంచు అడ్డంగా కొడుతోంది.
లెన్ గ్రబోవ్‌స్కీ, డెబ్బై ఒకటి,
గరాజులో ట్రక్కు నూనె చూస్తున్నాడు.
పుల్ల తుడిచే గుడ్డ మీద
సగం చెరిగిన అక్షరాలు: ఛాంపియన్లు.
ఆట ముగియకముందే అచ్చేసిన టీషర్టు అది,
ఒక్కరోజూ తొడగలేదు.

పదిహేడేళ్లు క్వార్టర్‌బ్యాక్.
ఊళ్లో కుర్రాళ్లకి అతని అంకెలన్నీ కంఠోపాఠం;
చివర్లో "కానీ" అని ఆగుతారు.
ఆ కానీ కిందే
నలభై ఏళ్లుగా అతని కాపురం.

ప్రతి జనవరిలో ఆర్విల్ పార పట్టుకుని వస్తాడు.
ఫైనల్లో చివరి బంతి జారింది
అతని చేతుల్లోంచే.
ఇద్దరూ ఆ మాట ఎత్తరు.

"బండి తియ్యి." తాళాలు విసిరాడు లెన్.
తొడుగుల మధ్య జారి
మంచులో మాయం.

కాసేపు ఎవరూ కదల్లేదు.
"విసరడం బాగానే విసిరాను," అన్నాడు లెన్.

ఆర్విల్ మోకాళ్ల మీద వెతుకుతున్నాడు.
నవ్వుతున్నాడో ఏమో,
భుజాలు కదులుతున్నాయి.