ఏ గీతా తగలని పెట్టె

ఆటోనగర్ నాలుగో క్రాస్ రోడ్డులో
రేకుల షెడ్డు మీద కట్టిన చిన్న గది నాది.
కింద గ్రైండరు మొదలైతే
పైన మౌస్ దానంతటదే రెండంగుళాలు జరుగుతుంది.

ఈసారి టిప్పరు బాడీ ఒకటి
జాబితాగా నా చేతికొచ్చింది.
మూడు వందల పన్నెండు వరసలు:
నంబరు, పేరు, ఎన్ని, దేని కింద.
చదువుతుంటే బళ్లో హాజరు పిలిచినట్టుంటుంది.
సబ్ ఫ్రేము, ఉంది.
క్రాస్ మెంబర్లు తొమ్మిది, ఉన్నాయి.
వెనక తలుపు గొళ్లెం, కుడి.
గొళ్లెం, ఎడమ.
ఎవరి పక్కన ఎవరు కూర్చుంటారో మాత్రం
హాజరు పట్టీ చెప్పదు.

అందుకే పిచ్చేశ్వరరావు గారు బొమ్మ అడిగారు.
"బండి ఓనరుకి ఒక్క చూపులో తెలియాల."

'దేని కింద' అన్న గడిని పట్టుకుని
మూడు రాత్రులు రాసిన ప్రోగ్రాముకి
జాబితా మొత్తం తినిపించాను.
చుక్కలు నావి, కలపడం దాని పని.
పైన ఒక్కటే పెట్టె: బాడీ.
కింద ఐదు, ఐదింటి కింద నలభై,
స్క్రీను చాలక పక్కకి జరిపితే
ఇంకా పుడుతూనే ఉన్నాయి.
పన్నెండో సైజు బోల్టు
ఒకే పేరుతో నలభై ఎనిమిది ఇళ్లలో తేలింది.

నూట ఎనభై ఏడో వరస మాత్రం
కుడి అంచున, ఏ గీతా తగలకుండా:
ఇత్తడి రింగు. మందం ఆరు మిల్లీమీటర్లు. రెండు.
దేని కింద: ఖాళీ.

ముగ్గులో ఒక్క చుక్క కలవకపోతే
వాకిలంతా కడిగేసేది మా పిన్ని.
నేను కడగలేదు.
ప్రింటు తీసుకుని మెట్లు దిగాను.

సుభానీ మేస్త్రి వెల్డింగు అద్దాలు నుదుటికెక్కించి
కాగితాన్ని నిలువుగా చూశాడు, అడ్డంగా చూశాడు.
"పెట్టెలు సరే, ఇనుము.
ఈ గీతలేందమ్మాయ్? వెల్డింగా, బోల్టా?"
దీన్లో ఇది ఉందని అర్థం, అన్నాను.
"ఉంటే సరిపోద్దా? ఎట్టా ఉందో చెప్పొద్దా?
విప్పేవాడు పానా తీసకపోవాల్నా, గ్యాసు కట్టరా?"

నా దగ్గర జవాబు లేదు.
రింగు చూపించాను. ఇది ఫ్రేముదా, బాడీదా?

మాట్లాడలేదు.
జాకీతో బాడీ లేపించి, దుంగ ఆనించి,
వెనక కీలు చీకట్లోకి మోచేతి దాకా పోనిచ్చి
తర్వాత నన్ను పెట్టమన్నాడు.
ఇటు ఫ్రేము చెవి, గరుకు.
అటు బాడీ చెవి, ఇంకా గరుకు.
నడుమ బిస్కెట్టంత మందాన
చల్లగా, జారుడుగా.

"ఎవరి కిందా కాదిది. నడుమది.
తీసేసినా బండి నడుస్తది.
ఇసక దించినప్పుడల్లా ఏడుస్తది, అంతే."
అని గ్రీజు వేలితో
నా తిన్నటి గీతలన్నిటికీ అడ్డం పడి
అంచున ఉన్న పెట్టె నుంచి ఫ్రేముకొకటి, బాడీకొకటి
లావుపాటి దారులు వేశాడు.

నా ప్రోగ్రాముకి 'నడుమ' అనే మాట రాదు.
పిల్లకి ఒక్క తల్లి, అంతవరకే దాని చదువు.
ఆ రాత్రి గీతల్ని రెండు రకాలు చేశాను,
వెల్డింగుకి నిండుది, బోల్టుకి తెగిందీ.
రింగుకి ఏమీ తోచలేదు.
"ఫ్రేము కింద పడెయ్, ఎవడడుగుతాడు" అన్నారు
పిచ్చేశ్వరరావు గారు.
పడెయ్యలేదు.
ఆయన టేబులు మీది తెల్లటి కాపీలో
అదింకా అంచునే నిలబడి ఉంది.

గ్రీజు కాపీ మేస్త్రి సామాన్ల డబ్బాలో
పంతొమ్మిది పానా కింద నాలుగు మడతలై ఉంది.
నిన్న విప్పి చూశాం.
మరక ఎదురు మడతకి అంటుకుని
వెనక తలుపుని తీసుకెళ్లి జాకీకి కలిపింది.
మేస్త్రి చాలాసేపు చూసి
"ఇదిమాత్రం తప్పు" అన్నాడు.