దావా షెడ్యూలు

రాజోలు కోర్టు ఎదురు, జిరాక్సు కొట్టు అరుగు మీద
నా పాత టైపు మిషనుకి 'ళ' సగమే పడుతుంది.
నీళ్లు అన్నచోటల్లా పెన్నుతో దిద్దాలి.
దీంతోనే మట్టపర్తి వరహాలమ్మ నష్టాన్ని కొట్టాలి.

తూర్పు: పంటబోదె.
దక్షిణం: ప్రతివాది రొయ్యల చెరువు.
పడమర: పంచాయతీ రోడ్డు.
ఉత్తరం: వాది తోడికోడలి కొబ్బరి దొడ్డి.
ఈ హద్దుల మధ్య కొబ్బరాకు దడి, సిమెంటు తొట్టి,
ఒక స్నానం.

గట్టు మీద స్తంభమెక్కింది కెమెరా,
రొయ్యల దొంగల కోసమట.
మెడ మాత్రం ఇటు తిప్పుకుని ఉంది.
ఏరియేటర్లు ఆగిన రాత్రి కూడా
దాని ఎర్ర చుక్క ఆరదు.
ఎనిమిది నెలలుగా ఆమె
చీర మీదే నీళ్లు పోసుకుంటోంది.
తడి ఒంటిమీదే ఆరి, దగ్గు పట్టింది.

"ఇంతకీ ఏం పోయిందమ్మా?" అన్నాడు ప్లీడరు.
చెట్టు కొట్టలేదు, గట్టు జరపలేదు,
చెయ్యి వెయ్యలేదు.
విలువ కట్టకపోతే కోర్టు ఫీజు తేలదు.

ఆమె వేళ్ల కణుపులు లెక్కపెట్టింది.
"రెండొందల పదకొండండి.
వాన పడ్డ రోజులు తీసేశాను,
అద్దం మసకేస్తుంది కదా."
రూపాయలు కావవి. స్నానాలు.
ప్లీడరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు, చాలాసేపు.

నేను మళ్లీ హద్దులకొచ్చాను.
నాలుగు గడులూ నిండాయి.
చూపు దిగిన వైపుకి ఫారంలో గడి లేదు.
"పైన ఏం రాయమంటావమ్మా?"
"ఆకాశమండి. మొన్నటిదాకా మాదేనండి."

అంచులో, ఖాళీ చూసి కొట్టాను.
ఆ మాటలో 'ళ' లేదు.
ఎక్కడా విరక్కుండా పడింది.